లివర్ గట్టిపడిందా? ముక్క తీయకుండా తెలుసుకునే దారులు

(వార్షిక సర్వసభ్య సమావేశంలో ఒక వైద్యుని ప్రసంగ పాఠం)



ఆహ్వాన పత్రికలో నా పేరు పక్కన "ఆరోగ్య ఉపన్యాసం" అని వేశారు. నన్ను పిలిచిన అసలు కారణం కార్యదర్శి గారు ఫోన్‌లో చెప్పారు. దాతల్లో ఒకరు లివర్ గట్టిదనం చూసే యంత్రం కొని మన క్లినిక్‌కు ఇస్తామన్నారట. తీసుకుందామా, తీసుకుంటే ఎవరికి వాడాలి అని కమిటీలో చర్చ వచ్చిందట. ఆ దాత కూడా ఈ సభలోనే ఉన్నారు. ఆయన మనసు చాలా మంచిది. అందుకే ఆయన డబ్బు ఒక్క రూపాయి కూడా తప్పు చోటికి పోకూడదని నా కోరిక. నా అభిప్రాయం చివర్లో చెబుతాను. ముందు ఈ జబ్బు ఏమిటో, ఆ యంత్రం ఏం చూస్తుందో, ఏం చూడలేదో అర్థం కావాలి.

మనలో చాలామందికి ఒక ధీమా ఉంది. లివర్ చెడిపోయేది తాగేవాళ్లకే, మన ఇళ్లలో ఆ అలవాటు లేదు కాబట్టి మనకు భయం లేదని. ఈ ధీమా ఎంత నష్టం చేస్తుందో ఓపీలో కూర్చుంటే తెలుస్తుంది. యాభై దాటిన ఒక టైలర్ భాయ్, జీవితంలో మందు ముట్టని మనిషి, రక్తం వాంతి చేసుకుని ఆసుపత్రికి వచ్చాడు. పరీక్షలన్నీ చేస్తే సిర్రోసిస్. లివర్ పూర్తిగా గట్టిపడిపోయింది. డ్యూటీ డాక్టర్ అడిగిన మొదటి ప్రశ్న "ఎన్నేళ్లుగా తాగుతున్నావు?" అని. పక్కన పెళ్లీడు కొడుకు, కాబోయే వియ్యంకుడు నిలబడి ఉన్నారు. జబ్బు కన్నా ఆ ప్రశ్నే ఆయన్ను ఎక్కువ కుంగదీసింది. ఇంటికెళ్లాక కూడా బంధువులు చాటుగా అదే మాట అనుకున్నారట. ఆయనకున్నది పన్నెండేళ్ల షుగర్, పెద్ద పొట్ట, రోజంతా మిషన్ ముందు కూర్చునే పని. అంతే.

డాక్టర్లు కూడా ఈ జబ్బుకు చాలాకాలం మందు తాగడాన్ని కొలమానంగా పెట్టుకునే పేరు పెట్టారు: ఆల్కహాల్ వల్ల రాని ఫ్యాటీ లివర్ అని. అది దేనివల్ల రాలేదో చెప్పే పేరే గానీ దేనివల్ల వచ్చిందో చెప్పే పేరు కాదు. 2023లో ప్రపంచంలోని లివర్ నిపుణుల సంఘాలు కలిసి ఆ పేరు మార్చాయి. శరీరం చక్కెరనూ కొవ్వునూ సరిగా వాడుకోలేకపోవడం వల్ల లివర్‌లో కొవ్వు చేరే జబ్బు అని అర్థం వచ్చేలా కొత్త పేరు పెట్టాయి. రిపోర్టుల మీద ఇప్పుడు ఎంఏఎస్ఎల్‌డీ అని కనబడితే అదే ఇది. షుగర్, బీపీ, పెద్ద పొట్ట, రక్తంలో కొవ్వు ఎక్కువ కావడం, ఇవన్నీ దాని తోబుట్టువులు. మన జనానికి లెక్క ఇంకా కఠినం. నడుము కొలత మగవారికి 90 సెంటీమీటర్లు, ఆడవారికి 80 దాటితే మనం జాగ్రత్తపడాలి. పైకి సన్నగా కనబడి పొట్ట ఒక్కటే ఉన్నవారు కూడా ఇందులోకి వస్తారు.

ఇక అసలు విషయం. ఈ జబ్బులో రెండు వేర్వేరు సంగతులు ఉన్నాయి. ఒకటి కొవ్వు, రెండోది మచ్చ. జనం మొదటి దానికి భయపడతారు, రెండో దాని గురించి అడగరు.

బక్రీద్ రోజు కలేజీ చేత్తో పట్టుకోనివారు ఈ సభలో ఉండరు. మంచి కలేజీ ఎలా ఉంటుంది? మెత్తగా, చేతిలోంచి జారిపోతూ ఉంటుంది. వేలితో నొక్కితే దిగబడుతుంది. మన లివర్ కూడా అంతే. కొవ్వు చేరితే అది పసుపు రంగుకు తిరిగి ఉబ్బుతుంది గానీ మెత్తదనం పెద్దగా పోదు. అయితే కొందరిలో ఆ కొవ్వు వల్ల లోపల వాపు మొదలవుతుంది. చర్మం మీద గాయం మానిన చోట మచ్చ గట్టిగా మిగిలినట్టే, లివర్‌లో వాపు వచ్చి మానిన చోటల్లా సన్నటి నారలాంటి కండ మిగులుతుంది. ఏళ్ల తరబడి ఇదే జరిగితే నారలన్నీ కలిసిపోయి లివర్ రాయిలా తయారవుతుంది. ఈ మచ్చపడటాన్నే ఫైబ్రోసిస్ అంటారు. దీన్ని సున్నా నుంచి నాలుగు దాకా మెట్లుగా లెక్కపెడతారు. సున్నా అంటే మచ్చ లేదు. నాలుగంటే సిర్రోసిస్. మూడో మెట్టు నుంచి ప్రమాదం గట్టిగా పెరుగుతుంది.

కొవ్వున్న ప్రతి ఒక్కరూ నాలుగో మెట్టుకు పోరు. ఎక్కువమంది అసలు పైకెక్కరు. ఎక్కేవారిలో కూడా ఒక మెట్టు మారడానికి, వాపు లేనివారిలో సగటున 14 ఏళ్లు, వాపు ఉన్నవారిలో సగటున 7 ఏళ్లు పడుతుందని పాత పరిశోధనలన్నీ కలిపి చూసినవారు లెక్కగట్టారు. అంటే ఆపడానికి మనకు చాలా టైం ఉంటుంది. చిక్కల్లా ఒకటే, ఈ మెట్లు ఎక్కుతున్నప్పుడు నొప్పి ఉండదు, జ్వరం ఉండదు, ఆకలి కూడా మామూలుగానే ఉంటుంది. కడుపులో నీరు చేరాకో, టైలర్ భాయ్‌లా రక్తం కక్కాకో తెలుస్తుంది. అప్పటికి మిగిలే పెద్ద మార్గం లివర్ మార్పిడి. ప్రైవేటులో అది 20, 25 లక్షల మాట. అలాంటి అర్జీలు ఏటా సొసైటీకి వస్తూనే ఉన్నాయని మీకు నాకన్నా బాగా తెలుసు. ఆఖరి మెట్టు మీద నిలబడిన మనిషికి మనం ఇచ్చే యాభై వేలు కన్నీళ్లు తుడుస్తాయి, అంతకుమించి పనిచేయవు.

నిరుడు పేపర్లలో ఒక వార్త మీరంతా చూసి ఉంటారు. హైదరాబాద్ ఐటీ ఉద్యోగుల్లో 84 శాతం మందికి లివర్‌లో కొవ్వు ఉందని. 345 మందిని పరీక్షించి చెప్పిన మాట అది. పార్లమెంటులో కూడా ప్రస్తావనకు వచ్చింది. ఆ వార్త వచ్చిన వారం మా ఓపీలో కుర్రాళ్ల రద్దీ చూడాలి! అందరి చేతిలో అల్ట్రాసౌండ్ రిపోర్టు, అందరి నోటా ఒకటే ప్రశ్న: "డాక్టర్ సాబ్, గ్రేడ్ 2 అంట, బతుకుతానా?" ఆ గ్రేడు కొవ్వుది. మచ్చది కాదు. గ్రేడ్ 1, 2, 3 అంటే స్కానింగ్‌లో లివర్ ఎంత తెల్లగా కనబడింది అన్న అంచనా మాత్రమే. మామూలు అల్ట్రాసౌండ్ ముదిరిపోయిన సిర్రోసిస్‌ను పట్టుకోగలదు. రెండో మెట్టు, మూడో మెట్టు మచ్చను అది చూపలేదు. పైగా ఇంకో తిరకాసు ఉంది. లివర్ బాగా గట్టిపడే కొద్దీ అందులోని కొవ్వు తగ్గిపోతుంది కూడా. అంటే పోయినేడు గ్రేడ్ 2 ఉండి ఈ ఏడు గ్రేడ్ 1 అయిందని మిఠాయి పంచుకునే ముందు, అది తగ్గి బాగుపడిందా, ముదిరి తగ్గిందా చూసుకోవాలి.

రక్తపరీక్షలో ఎస్‌జీపీటీ నార్మల్ అని వస్తే నిశ్చింతగా ఉండేవారు ఇంకొందరు. మచ్చ ముదిరిన చాలామందిలో ఎస్‌జీపీటీ మామూలుగానే ఉంటుంది. అది ఆ రోజు లివర్‌లో ఎంత రాపిడి జరుగుతోందో చెబుతుంది. ఇరవై ఏళ్ల లెక్క అది చెప్పలేదు.

మరి మచ్చను ఎలా చూడాలి? ఒకప్పుడు ఒకటే దారి, ముక్క పరీక్ష. పక్కటెముకల మధ్య నుంచి సూది దించి లివర్ ముక్క తీసి మైక్రోస్కోపు కింద పెట్టడం. ఇప్పటికీ కొన్ని అనుమానాలు దానితోనే తీరుతాయి, దాన్ని నేను తక్కువ చేయడం లేదు. కానీ ఒక రోజు ఆసుపత్రిలో ఉండాలి, నొప్పి ఉంటుంది, అరుదుగానైనా లోపల రక్తం కారే ప్రమాదం ఉంటుంది. ఇంత చేసీ తీసే ముక్క మొత్తం లివర్‌లో సుమారు 50 వేలో వంతు. గోదాములో యాభై వేల బియ్యపు బస్తాలుంటే ఒక్క బస్తా విప్పి చూసి మొత్తం సరుకు ధర కట్టినట్టు. దేశంలో పెద్దవారిలో ప్రతి ముగ్గురిలో ఒకరికి పైగా కొవ్వు లివర్ ఉందని అంచనాలున్నప్పుడు అందరికీ సూది దించడం ఎక్కడ సాధ్యం?

అందుకని కోత లేకుండా, ముక్క తీయకుండా చూసే పద్ధతులు వచ్చాయి. వాటిలో మొదటిది యంత్రమే లేనిది. ఒక లెక్క. దాని పేరు ఫిబ్-4. 2006లో దీన్ని మొదట తయారుచేసింది హెచ్‌ఐవీ, హెపటైటిస్ సీ రెండూ ఉన్నవారి కోసం. తర్వాత ఫ్యాటీ లివర్‌కూ బాగా పనికొస్తుందని తేలింది. దీనికి నాలుగు అంకెలు చాలు: వయసు, ఎస్‌జీఓటీ, ఎస్‌జీపీటీ, ప్లేట్‌లెట్లు. ఈ నాలుగూ మామూలు లివర్ పరీక్షలో, సీబీపీలో ఉంటాయి. మీలో సగం మంది ఇళ్లలో బీరువా మీద పడి ఉన్న పాత రిపోర్టుల్లో ఇవి ఇప్పటికే ఉన్నాయి. అవి ఆరు నెలల లోపువైతే మళ్లీ రక్తం కూడా ఇవ్వనక్కర్లేదు.

లెక్క ఇలా చేయాలి. వయసును ఎస్‌జీఓటీతో గుణించండి. అది పై అంకె. కింద, ప్లేట్‌లెట్లను ఎస్‌జీపీటీ వర్గమూలంతో గుణించండి. పై దాన్ని కింది దానితో భాగించండి. ప్లేట్‌లెట్లు మన ల్యాబుల్లో లక్షల్లో ఇస్తారు. రెండున్నర లక్షలుంటే 250 అని వేసుకోవాలి. ఇక్కడ పొరపాటు పడితే లెక్కంతా తారుమారు అవుతుంది. సెల్‌ఫోన్‌లోని కాలిక్యులేటర్ అడ్డంగా తిప్పితే వర్గమూలం గుర్తు వస్తుంది. పదో తరగతి చదివే పిల్లల చేత చేయించండి, సంతోషంగా చేస్తారు.

ఇద్దరిని పక్కపక్కన పెట్టి చూద్దాం. 40 ఏళ్ల అబ్బాయి. స్కానింగ్‌లో గ్రేడ్ 2. ఎస్‌జీఓటీ 40, ఎస్‌జీపీటీ 64, ప్లేట్‌లెట్లు రెండున్నర లక్షలు. ఎస్‌జీపీటీ పక్కన ఎర్ర గుర్తు పడింది, ఇల్లంతా కంగారు. లెక్కిస్తే పైన 1600, కింద 250ని 8తో గుణిస్తే 2000. జవాబు 0.8. ఇప్పుడు 52 ఏళ్ల అమ్మ. స్కానింగ్‌లో గ్రేడ్ 1. ఎస్‌జీఓటీ 48, ఎస్‌జీపీటీ 36, ప్లేట్‌లెట్లు లక్షా అరవై వేలు. ఎస్‌జీపీటీ నార్మల్ అని ఆ రిపోర్టు మడిచి లోపల పెట్టేశారు. లెక్కిస్తే పైన 2496, కింద 160ని 6తో గుణిస్తే 960. జవాబు 2.6.

1.3 కన్నా తక్కువ వస్తే ముదిరిన మచ్చ ఉండే అవకాశం చాలా తక్కువ. 2.67 దాటితే అవకాశం ఎక్కువ. మధ్యలో ఉంటే తేలలేదని అర్థం, తర్వాతి పరీక్షకు పంపాలి. అంటే ఇల్లంతా కంగారుపడిన అబ్బాయికి ప్రస్తుతం మచ్చ భయం లేదు, బరువు తగ్గితే చాలు. రిపోర్టు మడిచి పెట్టేసిన అమ్మ వెంటనే రెండో పరీక్షకు రావాలి. ఈ తేడాను స్కానింగ్ గ్రేడూ చెప్పలేదు, ఎస్‌జీపీటీ ఒక్కటీ చెప్పలేదు.

ప్లేట్‌లెట్లకూ లివర్‌కూ ఏం సంబంధమని అడుగుతారు. లివర్ గట్టిపడితే అందులోకి రావాల్సిన రక్తానికి దారి ఇరుకై వెనక్కి తన్నుతుంది. ఎడమవైపున ప్లీహం ఉబ్బుతుంది. ఉబ్బిన ప్లీహం ప్లేట్‌లెట్లను తనలో పట్టి ఉంచుకుంటుంది. అందుకే డెంగీ లేకుండా, వేరే కారణం కనబడకుండా ప్లేట్‌లెట్లు లక్షన్నర కన్నా దిగువన నిలకడగా ఉంటే నేను లివర్ వైపు చూస్తాను.

డెంగీ అన్నాను కాబట్టి ఇక్కడే చెప్పేస్తాను. జ్వరంతో ఉన్నప్పుడు ఈ లెక్క వేయకండి. డెంగీలో ప్లేట్‌లెట్లు పడిపోతాయి, ఎస్‌జీఓటీ పెరుగుతుంది, ఫిబ్-4 అకారణంగా ఎక్కడికో పోతుంది. వానాకాలం క్యాంపు పెట్టి ఊరంతటికీ సిర్రోసిస్ అని పుకారు పుట్టించినవాళ్లం అవుతాం. కామెర్లు ఉన్నప్పుడూ అంతే. అలాగే 35 ఏళ్ల లోపువారిలో ఈ లెక్క నమ్మదగింది కాదు. 65 దాటినవారిలో వయసు వల్లే అంకె పెరుగుతుంది కాబట్టి 1.3 బదులు 2ను హద్దుగా తీసుకుంటాం. ఇంకో మాట, ఫిబ్-4 ఎక్కువ వచ్చినంత మాత్రాన జబ్బు ఉన్నట్టు కాదు. ఎక్కువ వచ్చిన చాలామందికి తర్వాతి పరీక్షలో లివర్ మెత్తగానే ఉంటుంది. లేదని చెప్పడంలో ఇది దిట్ట, ఉందని చెప్పడంలో అంత కాదు. జల్లెడ లాంటిదనుకోండి.

జల్లెడలో మిగిలినవారికి రెండో మెట్టు పరీక్ష. మన దాత కొనిస్తానన్న యంత్రం అదే, ఫైబ్రోస్కాన్ అంటారు. ఫ్రాన్స్‌లో తయారై 2003 ప్రాంతంలో వాడకంలోకి వచ్చింది. కలేజీని వేలితో నొక్కి చూస్తామే, ఈ యంత్రం అదే పని చర్మం పైనుంచి చేస్తుంది. రోగి వెల్లకిలా పడుకుని కుడి చెయ్యి తల కింద పెట్టుకుంటాడు. పక్కటెముకల మధ్య జెల్ రాసి ఒక గొట్టంలాంటిది ఆనిస్తారు. అది చిన్నగా తడుతుంది, వేలితో టకీమని కొట్టినట్టు. ఆ తట్టుకు లివర్‌లో ఒక అల పుడుతుంది. మెత్తని దానిలో అల నెమ్మదిగా పోతుంది, గట్టి దానిలో వేగంగా పోతుంది. ఆ వేగాన్ని అల్ట్రాసౌండ్‌తో కొలిచి గట్టిదనాన్ని కిలోపాస్కల్ అనే కొలతలో చెబుతుంది. ముక్క పరీక్షలో తీసేదానికన్నా సుమారు వంద రెట్ల భాగాన్ని ఇది చూస్తుంది. పదిసార్లు కొట్టి మధ్యస్థం తీస్తారు. పది నిమిషాల పని. సూది లేదు, మత్తు లేదు, రేడియేషన్ లేదు.

ఫ్యాటీ లివర్ ఉన్నవారికి 8 కన్నా తక్కువ వస్తే ముదిరిన మచ్చ లేదని ధైర్యంగా చెప్పవచ్చు. 12 దాటితే లివర్ నిపుణుల దగ్గరకు తప్పక పంపాలి. మధ్యలో ఉన్నవారిని కూడా నిపుణులకు చూపించి ఇంకో పరీక్షతో తేల్చుకోవాలి. పెద్ద ఆసుపత్రుల్లో ఎంఆర్‌ఐ మీద చేసే ఎలాస్టోగ్రఫీ ఉంది. అన్నిటికన్నా కచ్చితమైనదే గానీ ఖర్చు, దూరం రెండూ ఎక్కువ. దాని జోలికి ఇప్పుడు పోను.

రిపోర్టులో రెండు పెద్ద అంకెలుంటాయి. జనం ఇక్కడ గాభరా పడతారు. ఒకటి గట్టిదనం, 5 అనో 9 అనో ఉంటుంది. రెండోది క్యాప్, 290 అనో 310 అనో ఉంటుంది. ఆ రెండోది కొవ్వు కొలత. ఆ వందల అంకె చూసి బెదిరిపోకండి, మొదటి అంకె చూడండి. ఇంకా మూలన చిన్న అక్షరాల్లో ఐక్యూఆర్ అని ఒక శాతం ఉంటుంది. పది కొలతలూ ఒకదానికొకటి ఎంత దగ్గరగా వచ్చాయో అది చెబుతుంది. గట్టిదనం ఎక్కువ చూపిన రిపోర్టులో అది 30 శాతం దాటితే ఆ రిపోర్టు నమ్మి మందులు మొదలుపెట్టకండి, మళ్లీ చేయించండి. క్యాంపుల్లో హడావుడిగా మనిషికి రెండు నిమిషాలు చేసే స్కాన్లలో ఇదే జరుగుతోంది.

ముఖ్యమైన నియమం ఇంకొకటి. పరీక్షకు ముందు కనీసం 3 గంటలు ఏమీ తినకూడదు. తింటే లివర్‌కు రక్తప్రవాహం పెరిగి, లేని గట్టిదనం ఉన్నట్టు చూపుతుంది. క్యాంపుకు వచ్చినవారికి ముందు ఇడ్లీ, చాయ్ పెట్టి తర్వాత స్కాన్ చేసే ఆతిథ్యం మనకు బాగా అలవాటు. అది తిరగేయండి. ఈ లెక్కన రంజాన్ నెల మధ్యాహ్నాలు ఈ పరీక్షకు చాలా అనుకూలం. సహరీ తిని చాలా గంటలు అయి ఉంటుంది, నోట్లోకి ఏదీ పోదు, ఒంట్లోకి ఏదీ ఎక్కదు. రోజాలో రక్తం తీయించుకోవడం సంగతి మీ మౌలానా గారిని అడిగి తెలుసుకోండి, ఆ ఫత్వా నేనివ్వలేను.

మా అక్కచెల్లెళ్ల కోసం ఒక మాట. పరీక్షకు కుడివైపు పక్కటెముకల దాకా బట్ట పైకి జరపాలి. ఆడ టెక్నీషియన్, తెర, తలుపు ఉన్న గది, ఈ మూడూ లేకపోతే ఎంత ఖరీదైన యంత్రం పెట్టినా మన ఇళ్ల ఆడవాళ్లు రారు. బహిష్టులు ఆగిపోయాక ఆడవారిలో ఈ జబ్బు వేగం పుంజుకుంటుంది. ఎక్కువ రావాల్సింది వాళ్లే.

యంత్రం పరిమితులు కూడా వినండి. కడుపులో నీరు ఉన్నవారికి ఇది పనిచేయదు. గుండె బలహీనతతో లివర్‌లో రక్తం నిలిచినవారికి, కామెర్లు తీవ్రంగా ఉన్నవారికి తప్పుగా ఎక్కువ చూపుతుంది. బాగా లావుగా ఉన్నవారికి మామూలు గొట్టం చాలదు, ఎక్స్ఎల్ అనే పెద్దది విడిగా కొనాలి. మన రోగుల్లో దాని అవసరమే ఎక్కువ. కొటేషన్‌లో అది ఉందో లేదో చూడమని కార్యదర్శి గారికి అప్పుడే చెప్పాను. లేదట!

ఇప్పుడు కమిటీ అడిగిన ప్రశ్న. యంత్రం ధర పదుల లక్షల్లో ఉంటుంది. ఏటా సర్వీసు ఖర్చు, నడపడానికి శిక్షణ పొందిన మనిషి జీతం అదనం. నా సలహా, ఈ సంవత్సరం కొనవద్దు. రిబ్బన్ కత్తిరించిన మొదటి నెల ఊరంతా క్యూ కడుతుంది. వచ్చేవారిలో ఎక్కువమంది పరీక్ష అక్కర్లేని కుర్రాళ్లు. రావాల్సిన షుగర్ పేషెంట్లు, పన్నెండేళ్లుగా మాత్రలు మింగుతున్న టైలర్లు, బీడీ కార్మికులు, మెకానిక్‌లు ఇంట్లోనే ఉండిపోతారు.

దానికి బదులు ముందు జల్లెడ పట్టండి. మన సొసైటీ క్లినిక్‌లో షుగర్ మాత్రలు ఉచితంగా తీసుకునేవారి రిజిస్టరు ఉంది. అక్కడి నుంచి మొదలుపెట్టండి. అమెరికా డయాబెటిస్ అసోసియేషన్ కూడా 2023 నుంచి టైప్ 2 షుగర్ ఉన్నవారికి ఫిబ్-4 చూడమనే చెబుతోంది. మన దేశంలో 2021లోనే ఫ్యాటీ లివర్‌ను జీవనశైలి జబ్బుల జాతీయ కార్యక్రమంలో చేర్చారు, 2024లో మార్గదర్శకాలను సవరించారు. తెలంగాణ డయాగ్నొస్టిక్స్ ద్వారా ప్రభుత్వ ఆరోగ్య కేంద్రాల్లో, బస్తీ దవాఖానాల్లో లివర్ పరీక్షకూ సీబీపీకీ రక్తం ఉచితంగానే ఇవ్వవచ్చు. బయట చేయించినా వందల్లో తేలిపోయే ఖర్చు. ఆ రిజిస్టరులో ఉన్నవారందరికీ లెక్క వేస్తే చాలామంది 1.3 కిందే ఉండిపోతారు. వారికి భరోసా చెప్పి, షుగర్ ఉన్నవారు కాబట్టి ఏడాదికో రెండేళ్లకో మళ్లీ లెక్క చూద్దామని పంపేయవచ్చు. మిగిలినవారిని మాత్రం ఒక డయాగ్నొస్టిక్ సెంటర్‌తో రేటు మాట్లాడుకుని ఫైబ్రోస్కాన్‌కు పంపండి. దాత గారి డబ్బు అక్కడ ఖర్చు పెట్టండి. ఒక యంత్రం ఖరీదుతో కొన్ని వందల మంది పేదలకు అవసరమైన స్కాన్ చేయించవచ్చు. అందులో గట్టిదనం తేలినవారిని హైదరాబాద్ తీసుకెళ్లి నిపుణులకు చూపించే బస్సు చార్జీలు, తోడు వెళ్లే మనిషి కూలీ కూడా అందులోంచే వస్తాయి. రెండేళ్లు ఇలా నడిపాక, నెలకు ఇంతమంది వస్తున్నారని చేతిలో లెక్క ఉన్నప్పుడు యంత్రం కొనాలా అని మళ్లీ కూర్చుని మాట్లాడుకుందాం.

మచ్చ ఉందని తేలితే ఏం చేస్తారు, మందుందా అని అడుగుతారు. చేయగలిగింది చాలా ఉంది. సిర్రోసిస్‌కు ముందున్న మచ్చ వెనక్కి తగ్గగలదు, దేవుడు ఈ అవయవానికి ఇచ్చిన శక్తి అది. ఉన్న బరువులో 5 శాతం తగ్గితే కొవ్వు తగ్గుతుంది, 7 నుంచి 10 శాతం తగ్గితే వాపు తగ్గుతుంది, 10 శాతం తగ్గినవారిలో చాలామందికి మచ్చే తగ్గింది. 80 కిలోల మనిషికి అది 8 కిలోలు. ఆరు నెలల్లో అయ్యే పని. 2024లో రెస్మెటిరోమ్ అనే మాత్రకు, 2025లో బరువు తగ్గించే సెమాగ్లూటైడ్ ఇంజెక్షన్‌కు రెండు, మూడు మెట్ల మచ్చ ఉన్నవారి కోసం అమెరికాలో అనుమతి వచ్చింది. ఇవి నిపుణులు చూసి ఇవ్వాల్సినవి, మెడికల్ షాపులో అడిగి కొనేవి కాదు. లివర్ టానిక్‌ల గురించి, కామెర్లకు పోసే పసర్ల గురించి అడగకండి, సభలో గట్టిగా మాట్లాడాల్సి వస్తుంది.

తిండి సంగతి ఎత్తితే ఇఫ్తార్‌కు పిలవడం మానేస్తారేమో! అయినా చెబుతాను. పగలంతా రోజా ఉండి సాయంత్రం మిర్చీలు, సమోసాలు, ఎర్ర షర్బత్, ఆపై బిర్యానీ తింటే నెల చివర బరువు పెరుగుతుంది. ఖర్జూరం, నీళ్లు, పండ్ల ముక్కలు, శనగల చాట్ మన దస్తర్‌ఖాన్ మీద ఉండేవే. షర్బత్‌లో, ఇరానీ చాయ్‌లో పోసే చక్కెర లివర్‌లో నేరుగా కొవ్వుగా మారుతుంది. చక్కెర లేని కాఫీ తాగేవారిలో మాత్రం లివర్ మచ్చ తక్కువగా కనబడింది. హైదరాబాదీలకు ఈ మాట రుచించదు.

ఆఖరుగా కార్యకర్తలకు. స్క్రీనింగ్ ఫారం నమూనా నేను రాసి ఇచ్చాను. పేరు, వయసు, నడుము కొలత, షుగర్ ఎన్నేళ్లు, ఎస్‌జీఓటీ, ఎస్‌జీపీటీ, ప్లేట్‌లెట్లు, ఫిబ్-4. తాగుతారా అనే గడి కూడా ఉంది, అది అందరికీ ఒకేలా, ఏకాంతంలో, మర్యాదగా అడగాలి. హెపటైటిస్ బీ, సీ పరీక్షలు ఎప్పుడైనా చేయించారా అనే గడి ఉంది, అవి కూడా చడీచప్పుడు లేకుండా లివర్‌ను గట్టిపరిచేవే. ఫోన్ నంబరు దగ్గర రెండు గీతలు గీశాను. ఒకటి రోగిది, రెండోది ఇంట్లో చదువుకున్న పిల్లలది. 1.3 దాటినవారికి వారం లోపల ఫోన్ వెళ్లాలి. ఎత్తకపోతే రెండో నంబరుకు చేయాలి. అదీ కలవకపోతే ఆ వీధిలో ఉండే కార్యకర్త జుమా తర్వాత ఇంటికి వెళ్లి చెప్పిరావాలి. ఎవరు ఏ వీధి చూస్తారో పేర్లు ఈ రోజే రాసుకుంటే, వచ్చే నెల మొదటి ఆదివారం నేను క్లినిక్‌కు వచ్చి మొదటి యాభై రిపోర్టులకు లెక్క దగ్గరుండి చేయించి వెళతాను.